పల్లె బడిని ఎవరు నడిపారు? ఒంగోలు ప్రాంతపు మిషన్ ప్రాథమిక పాఠశాలల చరిత్ర

ఆంధ్రదేశంలో ఆధునిక విద్య గురించి రాసినవాళ్ళు సాధారణంగా రెండు చోట్ల మొదలుపెడతారు. ఒకటి 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ తెరిచిన ఇంగ్లీషు పాఠశాల. రెండోది 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో పెట్టిన ఆడపిల్లల బడి. ఒకదాంట్లో మిషనరీ ఉన్నాడు, ఇంకోదాంట్లో సంస్కర్త ఉన్నాడు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో తాటాకు పాకల కింద ఇసకలో అక్షరాలు దిద్దించిన వందలాది చిన్న బడులకు మాత్రం ఆ చరిత్రల్లో దక్కేది ఒక్క వాక్యమే: మిషనరీలు అంటరానివాళ్ళకు కూడా చదువు చెప్పారు అని. ఆ వాక్యంలో పనిచేసేది మిషనరీ. పల్లె చేయి చాపి పుచ్చుకుంటుంది, అంతే.

ఈ వాక్యాన్ని రెండు వర్గాలవాళ్ళు వాడుకుంటున్నారు. మిషన్ చరిత్రలు రాసినవాళ్ళు దీన్ని దయగా చెప్పుకుంటారు. హిందూత్వవాదులు దీన్నే ఎరగా చెబుతారు. దయ అన్నా ఎర అన్నా పల్లెకు సొంత బుద్ధి ఉందని ఇద్దరూ ఒప్పుకోవటం లేదు. పల్లె బడిని అడిగి తెచ్చుకున్నది, కూడు పెట్టి నిలబెట్టుకున్నది, దానికోసం ఊరితో తగువు పడ్డది పల్లెవాళ్ళేనని ఈ వ్యాసంలో చూపించదలిచాం. ఉదాహరణకు ఒంగోలు ప్రాంతాన్ని తీసుకుంటున్నాం. అవసరమైన చోట గుంటూరు, దోర్నకల్ మిషన్ల సంగతీ ప్రస్తావిస్తాం.

ఇది రాస్తున్న మేము ఆ బడుల్లో చదువుకున్నోళ్ళ పిల్లలం, మనవలం. కాబట్టి తటస్థంగా రాస్తున్నామని చెప్పుకోం. అభిమానం కొద్దీ లోపాలు దాచే పని కూడా చెయ్యం.

బడి ఎవరడిగితే వచ్చింది?

నోబుల్ పాఠశాల వెనక ఉన్న ఆలోచన తెలిసిందే. పైకులాలవాళ్ళకు చదువు చెబితే అది మెల్లగా కిందికి దిగుతుందని ఆయన లెక్క. అంటరాని కులాల పిల్లల్ని ఆయన చేర్చుకోలేదు. 1865లో చనిపోయేదాకా ఆయన పద్ధతి అదే. నెల్లూరులో 1840 నుంచి ఉన్న అమెరికన్ బాప్టిస్టుల దగ్గర ఇంత కచ్చితమైన సిద్ధాంతం లేకపోయినా పాతికేళ్ళలో వాళ్ళ దగ్గరకొచ్చింది కొద్దిమందే. మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చలు కూడా జరిగాయి.

1866లో జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. అదే ఏడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పుచ్చుకున్నారు. వీళ్ళది తాళ్ళకొండపాడు. పేరయ్య తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన మనిషి. అంతకుముందే రాజయోగ గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఇలాంటి మాదిగ పెద్దల కథలు చాలా ఉన్నాయి. ఆ కథల్ని బట్టి చూస్తే మాదిగల్లో గురువును వెతుక్కోవటం, కులాన్ని ప్రశ్నించటం, జ్ఞానం కోసం ఊళ్ళు తిరగటం మిషన్ రాకముందునుంచే ఉన్నాయి. మిషన్ వచ్చి ఆ వెతుకులాటకు కొత్త దారి చూపించింది గానీ వెతుకులాట మాత్రం పల్లెది.

1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. తర్వాత మాదిగలు రావటం చూసి, అప్పటిదాకా క్లౌతో స్నేహంగా ఉన్న పైకులాలవాళ్ళు వీళ్ళను చేర్చుకుంటే మేం రామని చెప్పేశారు. క్లౌ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి దాచకుండా రాశాడు. పైకులాలను వదులుకోవటం మిషన్‌కు ఇష్టమై జరిగింది కాదు. మాదిగలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళను కాదనటానికి అతనికి బైబిల్లో ఆధారం దొరకలేదు.

చేరినవాళ్ళకు పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడూ మతానికి సంబంధించినవిగానే కనపడతాయి. మాదిగపల్లెలో వాటి అర్థం వేరు. ఆదివారం పని మానటమంటే కరణం కబురు పెడితే పోకపోవటం. చచ్చిన గొడ్డును ముట్టనంటే ఊరి వెట్టి సంబంధం తెగినట్టే. విగ్రహాలకు మొక్కననటంలో జాతరలో డప్పు కొట్టననటం కూడా ఉంది. ఊరివాళ్ళకు ఈ సంగతి వెంటనే అర్థమైంది. నీళ్ళు కట్టేశారు, పనులు మాన్పించారు, అంగళ్ళలో సరుకు ఇవ్వలేదు, దొంగతనం కేసులు పెట్టించారు. ఇంత ఒత్తిడిని తట్టుకోవాలంటే పల్లెలో కాపురముండే మనిషి కావాలి. కాయితం చదివి, అర్జీ రాసి, ఒంగోలుకు కబురు మోసుకెళ్ళగలిగిన మనిషి కావాలి. పల్లెలు పంతుల్ని పంపించమని అడగటం వెనక ఉన్న కారణం ఇదే.

1876-78 నాటి ధాత కరువు ఈ అవసరాన్ని ఒక్కసారిగా వంద రెట్లు పెంచింది. క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ కంట్రాక్టు తీసుకుని పల్లెవాళ్ళకు పని ఇప్పించాడు. తిండికోసం చేరారన్న మాట రాకుండా కరువు పనులు జరిగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. ఈ అంకెల మీద మిషన్ పుస్తకాలు చాలానే రాశాయి. మేం అడిగే ప్రశ్న వేరే. వందల పల్లెల్లో చెదిరి ఉన్న ఈ తొమ్మిది వేల మందికి బడి చెప్పిందెవరు? ఒంగోలు బంగళాలో ఉన్నది ఒకరిద్దరు దొరలు. పల్లె బడి పెట్టింది అంతకు రెండేళ్ళ ముందు అక్షరం నేర్చుకున్న మాదిగ యువకులు, వాళ్ళ భార్యలు. రెండో వాచకం వచ్చినవాడు మొదటి వాచకం చెప్పాడు. చదువు తెలిసిన భార్యకు సంగతి ఇంకా ఎక్కువ. పగలు మొగుడు పక్క పల్లెలకు ప్రసంగానికి పోతే బడి నడిపింది ఆమే.

బడి ఎలా నడిచేది?

బడి అంటే పెద్ద కట్టడమేమీ కాదు. పల్లె మొగదల మట్టిగోడల పాక, పైన తాటాకు. ఆదివారం గుడి, మిగతా రోజుల్లో బడి. వాన గట్టిగా కురిస్తే రెండూ లేవు. కొయ్యకు వేలాడదీసిన ఇనప ముక్కే గంట. కింద ఇసక పోసి వేలితో అక్షరాలు దిద్దించేవాళ్ళు. పలక, బలపం వచ్చింది తర్వాత. ఒకే గదిలో, ఒకే పంతులు దగ్గర మూడు నాలుగు తరగతులు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పటం, చంకన తమ్ముణ్ణో చెల్లెల్నో వేసుకుని అక్కలు బడికి రావటం మామూలు.

పల్లె పిల్లలకు పొద్దున పది గంటల బడి కుదరదు. మగపిల్లలు ఊరి రైతుల దగ్గర పశువులు కాస్తారు. తండ్రి చేసిన అప్పు కింద జీతానికి కుదిరిన పిల్లలుంటారు. నాట్లకు, కోతలకు, తర్వాతి రోజుల్లో పొగాకు పనులకు ఆడపిల్లలు పోతారు. అందుకని బడి పల్లె గడియారాన్ని బట్టి నడవాల్సొచ్చింది. పశువుల్ని తోలకముందు తెల్లవారుజామున ఒక గంట, తోలుకొచ్చాక గుడ్డి దీపం వెలుగులో రెండు గంటలు. రాత్రి బడి అని ఇవాళ మనం వయోజన విద్య సందర్భంలో వాడే మాట పల్లెలో ముందు పిల్లల బడికే వాడారు. కోతల నెలలో బడి దాదాపు ఖాళీ. పంతులు రైతుల కొట్టాల చుట్టూ తిరిగి పిల్లల్ని అడుక్కొచ్చేవాడు. ఒక్కపూటైనా పంపండయ్యా అని రైతును బతిమాలాలి, చదువుకుంటే ఏమొస్తది అనే తండ్రికీ నచ్చచెప్పాలి. బడి నడపటమంటే సగం ఈ తిరుగుడే.

చెప్పే పాఠాల్లో అక్షరాలు, ఎక్కాలు, వాచకం ఉండేవి. వాటితోపాటు బైబిలు కథలు, కీర్తనలు, ప్రశ్నోత్తరాల రూపంలో వేదపాఠం. చదవటానికి వేరే పుస్తకం లేని ఇళ్ళల్లో కొత్త నిబంధనే వాచకం. ఒక పాట వస్తే దాంట్లోని అక్షరాలు గుర్తుపట్టటం, ఒక వాక్యం బట్టీ వస్తే అచ్చులో దాన్ని వెతికి పట్టుకోవటం ద్వారా చదువు నేర్చినవాళ్ళు ఎక్కువ. దీన్ని మతబోధే తప్ప చదువు కాదని కొట్టిపారేసేవాళ్ళు, ఊరి వీధిబడిలో ఏ పుస్తకాలతో చదువు మొదలయ్యేదో కూడా గుర్తుచేసుకోవాలి. అక్కడ దేవుడి పద్యాలతోనే చదువు మొదలు. తేడా ఏంటంటే ఆ అరుగు మీద మా పిల్లలకు చోటు లేదు.

పంతులు కూడు

ఈ బడులు అమెరికా డబ్బుతో నడిచాయనే నమ్మకం గట్టిగా ఉంది. కొంత నిజమే. పంతులు చేతికి నెలకో మూడు నెలలకో వచ్చే కొద్ది రూపాయలు మిషన్ ఇచ్చినవే. అయితే ఆ రూపాయలతో కుటుంబం గడవదు. క్లౌ మొదట్నుంచీ పట్టుబట్టిన సంగతి కూడా అదే. పల్లెలు తమ పంతుల్ని తామే పోషించుకోవాలని, పంతులు పల్లెవాళ్ళలాగే బతకాలని ఆయన విధానం. పంతులుకు గుడిసె వేసిచ్చింది పల్లె. కళ్ళం రోజుల్లో జొన్నలో సజ్జలో కొలిచింది పల్లె. చెప్పులు కుట్టిచ్చింది కూడా పల్లే.

తెలుగు సంఘాలన్నిటిలో పాతుకుపోయిన పిడికెడు బియ్యం పద్ధతిని ఇక్కడ గుర్తుచేయాలి. ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. వి.ఎస్. అజరయ్య 1912 నుంచి 1945 దాకా బిషప్‌గా ఉన్న దోర్నకల్ అధ్యక్ష మండలంలో ఇది సంఘాల ఆదాయానికే ఆధారమైంది. ఈ బియ్యం తీసినవాళ్ళు రోజుకు రెండుపూటలా తిండి ఖాయంగా దొరికేవాళ్ళు కారు. రిపోర్టుల్లో ఇది కానుకలు అనే పద్దు కింద అణాల్లోకి మారి కనపడుతుంది. అక్కడ లెక్క ఉంటుంది గానీ ఆకలి ఉండదు. మా పల్లెల్లో చదువుకు మొదటి పన్ను కట్టింది ఆడవాళ్ళ పిడికిలే.

మూడో ఆదాయం సర్కారు గ్రాంటు. 1854 నాటి వుడ్స్ డిస్పాచ్ తర్వాత ప్రైవేటు బడులకు సర్కారు సాయం మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాకాలం ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చేవాళ్ళు. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు. ఎంతమంది ప్యాసైతే అంత డబ్బు. ఈ పద్ధతి పల్లె బడిని రెండు రకాలుగా కొట్టింది. పరీక్ష రోజున పిల్లాడు పశువుల వెంట పోతే గ్రాంటు పోయినట్టే. ఇక పైకులం ఇన్‌స్పెక్టర్లలో పల్లెలోకి అడుగుపెట్టనివాళ్ళు ఉండేవాళ్ళు. పల్లె బయట చెట్టుకింద పిల్లల్ని దూరంగా నిలబెట్టి పరీక్ష చేసేవాళ్ళు. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల విద్యకోసం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాల్సొచ్చిందంటే మామూలు నియమాల కింద మామూలు అధికార్లు ఏం చేస్తుండేవాళ్ళో ఊహించుకోవచ్చు.

బడి తెచ్చిన మర్యాద

ఈ బడికి ఒక తత్వం ఉంది. దాన్ని ఏ పాఠ్యప్రణాళికలోనూ రాయలేదు. పిలుపులో, పేరులో, కూర్చునే తీరులో ఉంది.

పంతులు అనే మాట కోస్తాలో ఎవరికి చెల్లేదో అందరికీ తెలుసు. పల్లె బడి వచ్చాక మాదిగ మనిషిని మాదిగలు పంతులుగారు అన్నారు, అతని భార్యను అమ్మగారు అన్నారు. ఊళ్ళో ఎంత వయసొచ్చినా ఒరే, ఏమే అనే పిలుపు తప్ప ఎరగనివాళ్ళు తమలో ఒకడికి గారు చేర్చి పిలవటం చిన్న మార్పేమీ కాదు. ఊరివాళ్ళు ఆ మాట అనటానికి ఇంకో రెండు తరాలు పట్టింది. కొన్నిచోట్ల అది ఇప్పటికీ నోరు తిరగని మాటే.

పేరు సంగతీ అంతే. ఊరి నోట్లో పోలిగాడు, ఎంకిగాడు, పెద్దోడు అయిన పిల్లాడు బడి రిజిస్టరులో యోహానో దానియేలో అయ్యాడు. హాజరు పిలిచినప్పుడు గాడు లేకుండా తన పేరు వినపడటం, దానికి లేచి నిలబడి పలకటం రోజూ జరిగేది. ఆడపిల్లల పేర్లు రూతు, మరియమ్మ, ఎస్తేరు అని కాయితం మీదకెక్కాయి. అంతకుముందు ఆ ఇంటి ఆడవాళ్ళ పేరు ఏ కాయితం మీదా ఉండి ఉండదు.

బడి పల్లెకు ఇచ్చిన ఇంకో వస్తువు కాయితం చదివే కన్ను. రైతు రాయించిన ప్రోనోటులో అసలెంత, వడ్డీ ఎంత అని పంతులు చదివి చెప్పగలడు. వేలిముద్ర వేసేముందు పంతులుకు చూపించి వస్తాననే ధైర్యం పల్లెకొచ్చింది. ఆదివారం పనికి రాలేదని కొట్టిన కేసులో, పోరంబోకు స్థలం మీద గుడిసెలు వేసిన తగువులో అర్జీ రాసింది పంతులే. ఊరికి బడి మీద కోపం రావటానికి దేవుడికంటే ఈ ప్రోనోటే పెద్ద కారణమని మా అభిప్రాయం.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభ జరిగేనాటికి కోస్తా పల్లెల్లో చదవటం వచ్చిన తరాలు ఒకటి రెండు తయారై ఉన్నాయి. గుర్రం జాషువ వినుకొండలో ఇలాంటి వాతావరణంలోనే పుట్టి పెరిగాడు. మిషన్ బళ్ళల్లో పంతులుగా పనిచేశాడు. తర్వాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో కూడా చెప్పాడు. జాషువను పద్యకవిగా మెచ్చుకునే విమర్శకులు ఆయన కొద్దిపాటి జీతం మీద బతికిన పల్లె పంతులనే సంగతిని జీవిత విశేషంగా ఒక వాక్యంలో దాటేస్తారు. ఆయన కోపానికి ఆ బడి అనుభవం కూడా మూలమని చూడటం లేదు.

బడి చెయ్యనివి, చెడగొట్టినవి

ఇంతవరకు చెప్పింది ఒకవైపు. బడి లోపాల్ని కూడా లెక్కలోకి తీసుకోకపోతే మనం కూడా మిషన్ రిపోర్టే రాసినట్టవుతుంది.

మొదటిది కులం. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టుల్లో మాదిగలెక్కువ. ఇతర జిల్లాల్లో కొన్ని మిషన్లలో మాలలెక్కువ. మాలపల్లెకు ఒక బడి, మాదిగపల్లెకు ఒక బడి అయినప్పుడు రెండు పల్లెల మధ్య ఉన్న గీత గుడిలోకి, బడిలోకి నడిచొచ్చింది. మాల పంతులు మాదిగపల్లెకు పోనన్న సందర్భాలు, మాదిగ పంతులు దగ్గరికి మాల పిల్లల్ని పంపని సందర్భాలు మన పెద్దవాళ్ళు చెప్పగా విన్నవే. క్రీస్తులో అందరం ఒకటేనని పాడించిన బడి ఈ గీతను చెరపలేకపోయింది. చాలాచోట్ల గట్టిగా ప్రయత్నించనూ లేదు.

రెండోది జీతాల నిచ్చెన. పైన దొరగారు, తర్వాత పట్టణం హైస్కూలు మాస్టర్లు, అట్టడుగున పల్లె పంతులు. పంతులు బదిలీ దొరగారి మాట మీద జరిగేది. పంతులు భార్య చేసిన పనికి చాలాచోట్ల వేరే జీతం లేదు. దోర్నకల్‌లో భార్యాభర్తలిద్దరికీ కలిపి శిక్షణ ఇవ్వటం మంచి పద్ధతే. అయితే ఇద్దరి పని ఒక జీతానికి వస్తుందనే లెక్క కూడా దాంట్లో ఉంది.

మూడోది సంస్కృతి. డప్పు కొట్టనని చెప్పటం వెట్టిని తెంచుకోవటమే. అందులో సందేహం లేదు. అదే దెబ్బకు డప్పు అనే కళ, మాతంగి కథలు, పేరయ్యలాంటివాళ్ళు పాడుకున్న యోగ తత్వాలు పనికిరాని దెయ్యపు పనుల కింద జమయ్యాయి. బడిలో చదివిన పిల్లాడు తాత డప్పును చూసి సిగ్గుపడటం నేర్చుకున్నాడు. దళిత ఉద్యమం మళ్ళీ డప్పును చేతికి తీసుకోవటానికి వందేళ్ళకు పైగా పట్టింది.

నాలుగోది హద్దు. పల్లె బడి మూడో తరగతితోనో అయిదో తరగతితోనో ఆగిపోతుంది. ఆపైన బోర్డింగుకు పోయేది పల్లెకు ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళు మళ్ళీ పశువుల దగ్గరకే. పల్లెకు వేరే బడి ఉంది కాబట్టి ఊరి బడి తలుపులు తెరవక్కర్లేదనే సాకు కూడా ఊరికి దొరికింది. 1920ల్లో మద్రాసు ప్రభుత్వ లేబర్ శాఖ అణగారిన కులాలకు విడిగా బళ్ళు పెట్టినప్పుడూ ఇదే జరిగింది. వేరు బడి మాకు రక్షణ ఇచ్చింది, మమ్మల్ని వేరుగానూ ఉంచింది.

రిజిస్టరులో ఒక గడి

1950 తర్వాత ఈ బడి చరిత్ర అడ్మిషన్ రిజిస్టరు చుట్టూ తిరిగింది. పల్లెలో పుట్టినరోజు ఎవరికీ తెలియదు కాబట్టి పంతులు ఎత్తును, పళ్ళను చూసి ఒక తేదీ వేసేవాడు. మన ముందు తరంలో అంతమంది జులై 1న పుట్టటానికి కారణం అదే. ఆ తేదీతోనే వాళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. దాంతో వచ్చిన చిక్కు చిన్నదే. అసలు చిక్కు కులం, మతం అనే గడిలో ఉంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవాళ్ళను వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు కింద పెట్టి ఒక శాతం ఇచ్చారు. అంటే బడిలో చేరిన రోజు పంతులు ఆ గడిలో ఏం రాస్తాడో దాన్నిబట్టి ఆ పిల్లాడి హాస్టలు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం తేలతాయి. చుండూరులాంటిది జరిగితే అట్రాసిటీ చట్టం వర్తిస్తుందా లేదా అన్నదీ ఆ గడి మీదికే వస్తుంది. ఊరు మాత్రం ఆ గడి చూసి కొట్టదు. 1985లో కారంచేడు మాదిగల మీద దాడి చేసినవాళ్ళు వాళ్ళు ఆదివారం ఎక్కడికి పోతారని అడగలేదు. అక్కణ్ణుంచి పారిపోయినవాళ్ళు చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

ఈ పరిస్థితిలో మిషన్ బడి పంతులు ఏం చెయ్యాలి? ఉన్నది ఉన్నట్టు క్రిస్టియన్ అని రాస్తే పిల్లాడి బతుకు మూసుకుపోతుంది. హిందూ మాదిగ అని రాస్తే ప్రతి ఆదివారం తను చెప్పే మాటకు తనే ఎదురు రాసినట్టు. చాలామంది రెండోదే రాశారు. ఇంట్లో డేవిడ్, రిజిస్టరులో వెంకటేశ్వర్లు అయిన పిల్లలు ఇలా తయారయ్యారు. ఏ బడిలో మొదటిసారి మా తాతలకు సొంత పేరు దొరికిందో ఆ బడిలోనే మనవలు ఆ పేరు దాచుకోవాల్సొచ్చింది. దీన్ని మోసమని తిట్టేవాళ్ళు మోసం చేసిందెవరో తేల్చుకోవాలి. కులం మతం మార్చుకుంటే పోదని తెలిసి కూడా పోయినట్టు చట్టం రాసుకున్నది రాజ్యం. ఆ అబద్ధాన్ని భరించింది పంతులు కలం.

చేయి మారిన బడి

దేశ స్వాతంత్ర్యం తర్వాత దొరలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆస్తులు తెలుగు సంఘాల చేతికొచ్చాయి. బాప్టిస్టు సంఘాలు 1962లో సమావేశంగా ఏర్పడ్డాయి. రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీ సంస్థలుగా ఈ బడులకు రక్షణ ఉంది. ఎయిడెడ్ బడులుగా పంతులు జీతం సర్కారునుంచి వచ్చింది. పంతులు బతుకు బాగుపడింది. ఇది కాదనలేని మేలు. మరి పల్లెకూ బడికీ ఉన్న సంబంధం? జీతం ట్రెజరీ నుంచి వచ్చాక పిడికెడు బియ్యానికి బడితో పని లేకపోయింది. పంతులు పల్లెలో కాపురం మాని పట్టణం నుంచి బస్సులో రావటం మొదలైంది. బడి అధికారం కరస్పాండెంటు సంతకంలోకి చేరింది. కొన్నిచోట్ల ఉద్యోగాలకు రేటు పలికింది, స్థలాల మీద కోర్టు తగువులు నడిచాయి. బడి కమిటీలో పల్లె పెద్దలకున్న మాట పోయింది.

ఇంకోవైపు పట్టణాల్లో సెయింటు పేర్లతో ఇంగ్లీషు మీడియం బళ్ళు వెలిశాయి. వాటిలో కొన్ని సంఘాలవే, ఎక్కువ భాగం వ్యాపారస్తులవి. ఫీజు కట్టగలిగిన ఊరి పిల్లలు అక్కడికి పోయారు. తాటాకు పాకలో పుట్టిన తెలుగు బడి ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూలనే బోర్డుతో పల్లెలో మిగిలింది. రిటైరైన పంతులు స్థానంలో కొత్త పోస్టు రాకపోవటం ఏళ్ళ తరబడి సాగింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల సిబ్బందిని తనలో కలుపుకునే విధానం తెచ్చినప్పుడు పెద్ద చర్చ జరిగింది. అది ఎక్కువగా కాలేజీల గురించీ, విలువైన స్థలాల గురించీ జరిగింది. ఇద్దరు పంతుళ్ళు, ముప్ఫై మంది పిల్లలున్న పల్లె బడి గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

ఈ బళ్ళన్నీ ఎలా ఉన్నవి అలా నిలబెట్టాలని మేం అనటం లేదు. పల్లె పిల్లలు ఊరి పిల్లలతో కలిసి ఒకే బెంచీ మీద కూర్చునే మంచి సర్కారు బడి ఉంటే వేరు బడి అవసరమే లేదు. మా తాతలు అడిగింది కూడా చదువునే, వేరు చదువును కాదు. మూతపడుతున్న బడితోపాటు ఏం పోతోందో మాత్రం చూసుకోవాలి. ఆ బీరువాలో చెదలు పట్టిన అడ్మిషన్ రిజిస్టర్లున్నాయి. పల్లెలో ఎవరు ఎప్పుడు మొదటిసారి అక్షరం నేర్చారో, ఏ నెలలో ఎందుకు మానేశారో, ఎవరి పేరు ఎప్పుడు మారిందో, పంతులుగా ఎవరెవరు పనిచేశారో చెప్పే రాతపూర్వక ఆధారం చాలా పల్లెలకు అదొక్కటే. భూమి రికార్డుల్లో మేం లేం. గుడి శాసనాల్లో లేం. ఈ రిజిస్టర్లలో ఉన్నాం.

అందుకని ఈ పత్రిక చదువుతున్న మిత్రుల్ని కోరేది ఒకటే. మీ పల్లెలో మిషన్ బడి ఉంటే, లేదా ఒకప్పుడు ఉండి ఉంటే, ఆ రిజిస్టర్లు ఎక్కడున్నాయో కనుక్కోండి. పాత కాయితాల కింద అమ్మేయకముందే నకలు తీయించండి. సంఘం కానుకల పుస్తకాలు, పిడికెడు బియ్యం లెక్కలు దొరికితే వదలొద్దు. పంతుళ్ళ పేర్లు, వాళ్ళ భార్యల పేర్లు పెద్దవాళ్ళనడిగి రాసుకోండి. ఒంగోలు మిషన్ రిపోర్టుల్లో ఏటా ఇన్ని బళ్ళు, ఇంతమంది పంతుళ్ళు అనే అంకెలున్నాయి. ఆ అంకెల వెనకున్న పేర్లు ఇంకా పల్లెల్లో కొందరికి గుర్తున్నాయి. వాళ్ళ వయసు ఇప్పుడు ఎనభై దాటింది.